అరవై మూడో తొట్టి

61వ తొట్టి, మొదటి రోజు

ఈ నోటుపుస్తకం నా సొంతం. సముద్రం మింగగా మిగిలిన మెట్టల్ని నడిపే మండలి వాళ్లకి కావలసినవన్నీ యంత్రమే రాసుకుంటుంది. వేడి ఎంత, గాలి ఎంత, అమ్మోనియా ఎన్ని లీటర్లు పోయింది, తొట్టి లోపల ప్రాణవాయువు ఎంత మిగిలింది, అన్నీ. చివర్లో 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటుంది. అందులో ఇరవై రెండేళ్లుగా 'ఏమీ లేవు' అనే పడుతోంది. మనిషన్నాక ఎక్కడో ఒకచోట తిట్టుకోవాలి కదా, అందుకని ఇది.

పొద్దున్నే తొట్టిని ఆవిరితో ఉడికించాం. కర్రపెండలం గంజిని తీపి నీళ్లుగా విరగ్గొట్టి నింపాం. పడవలో వచ్చిన విత్తనం సీసా మొన్ననే తెరిచి, చిన్న తొట్టిలో పెంచిన సూక్ష్మజీవుల్ని ఎనిమిదింటికి పెద్ద తొట్టిలోకి వదిలాం. అత్త వచ్చి తొట్టికి బొట్టు పెట్టింది. తోడు వేశాం. తలా ఒక తాటిబెల్లం ముక్క. మామూలే.

బెల్లం నోట్లో ఉండగానే మా మరిది అప్పలసూరి తగులుకున్నాడు. కోళ్లషెడ్డు వాడిది.

"వదినా, తెల్లపొడి ఇంకో పది రోజులకే ఉంది. ఈ తొట్టి ఎప్పుడు దించుతావు?"

"ఇప్పుడేగా ఎక్కించాను. అరవై గంటలు పడుతుందని నీకు ఎన్నేళ్ల నుంచి చెప్తున్నాను?"

"నువ్వు నాకు చెప్తే ఎలా, కోళ్లకి చెప్పు" అని పోయాడు. వాడి నోటికి మూత ఉండదు. ఉన్నా వాడు పెట్టుకోడు.

61వ తొట్టి, రెండో రోజు

తొట్టి పోయింది.

మధ్యాహ్నం మూడింటికి, ముప్పై ఒకటో గంటలో, ప్రాణవాయువు సూచిక పైకి లేచింది. కొత్తవాళ్లయితే సంతోషిస్తారు. నేను తొట్టి దగ్గరికి పరిగెత్తాను. కోట్ల కోట్ల సూక్ష్మజీవులు తింటూ, పీలుస్తూ, తెల్లపొడిగా ఆరబెట్టే లైసిన్ వదులుతూ ఉంటే ఆ సూచిక అడుగున పడి ఉండాలి. అది లేచిందంటే లోపల పీల్చేవాళ్లు లేరని అర్థం. అద్దంలోంచి చూస్తే చిక్కటి ద్రవం పలచబడిపోతోంది. నాలుగింటికల్లా బియ్యం కడిగిన నీళ్లలా అయిపోయింది. నురగ చప్పగా దిగిపోయింది.

అరవై వేల లీటర్లు. మళ్లీ ఆవిరితో ఉడికించి గొయ్యిలోకి వదిలేశాను. నాలుగు నెలలు మనుషులు రాళ్లల్లో తవ్వి పండించిన కర్రపెండలం అది. ఆ గొయ్యి గట్టున నిలబడి ఎవర్ని తిట్టాలో తెలీక పంపుని తన్నాను. బొటనవేలు వాచింది.

61 పోయిన మూడో రోజు

మండలి నుంచి కామేశం గారు రేడియోలోకి వచ్చారు. ఓడ మీద పుట్టి ఓడ మీద పెరిగిన మనిషి. మాట కూడా ఊగుతూ ఉంటుంది.

"పైడిరత్నం గారూ, నిబంధన మీకు తెలిసిందే."

తెలుసు. వరసగా మూడు తొట్లు పోతే మెట్ట మూసేస్తారు. తెల్లపొడి లేని మెట్ట మీద మనుషుల్ని ఉంచకూడదని నిబంధన. అది తప్పని కూడా అనలేను. ఇక్కడ పండేది మొక్కజొన్నా, కర్రపెండలమూ. ఎంత తిన్నా అందులో ఒకటి తక్కువ. ఆ ఒకటి ఈ పొడిలో ఉంది. అది కలపకపోతే కోడిపిల్ల ఎదగదు, మనిషి పిల్లా ఎదగదు. కానీ మూసేస్తే ఆరువందల మందినీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంచేస్తారు. అత్తని ముసలివాళ్ల ఓడకి. అప్పలసూరిని పిల్లలతో ఉత్తరం మెట్టలకి. నన్నెక్కడికో దేవుడికే తెలియాలి. మా ఆయన పోయిన ఈ ఆరేళ్లలో నాకు మిగిలింది వీళ్లే. మళ్లీ ఒకరి మొహం ఒకరం చూడం.

"ఇంకా రెండున్నాయి కదండీ" అన్నాను.

"విత్తనం రెండు సీసాలే ఉంది. పడవ మళ్లీ నాలుగు నెలలకి" అన్నారాయన, నేనేదో మర్చిపోయినట్టు.

రోజంతా వెతికితే దొరికింది. తొట్టిలోకి గాలి పోయే గొట్టం దగ్గర వడపోత గుడ్డకి వేలెడు చిరుగు. దానికెదురుగా పది అడుగుల్లో కోళ్లషెడ్డు. ఒళ్లు మండిపోయింది.

"నీ కోళ్ల దుమ్మంతా నా తొట్టిలోకి పోయింది!" అన్నాను అప్పలసూరితో.

"షెడ్డు అక్కడ పెట్టమన్నది నేనా? గాలి గొట్టం ఇటు తిప్పింది మీరేగా. కోడిని కాళ్లు కట్టి కూచోబెట్టమంటావా ఏటి?"

ఇద్దరం అరుచుకున్నాం. తర్వాత ఇద్దరం కలిసే వడపోత మార్చాం. షెడ్డుకి ఆ వైపు తడక కట్టాడు. కట్టినంతసేపూ గొణిగాడు.

62వ తొట్టి, మొదటి రోజు

ఈసారి ఎవర్నీ నమ్మలేదు. తొట్టిని రెండుసార్లు ఉడికించాను. ప్రతి కవాటం విప్పించి ఆవిరి పట్టించాను. గొట్టం అతుకుల్లో సబ్బునీళ్లు రాసి బుడగ వస్తుందేమో చూశాను. విత్తనం సీసా నేనే తెరిచాను, ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని. లోపలికి వచ్చేవాళ్లందరి చేతా కాళ్లు కడిగించాను. అప్పలసూరిని గుమ్మం దాటనివ్వలేదు.

ఎనిమిదింటికి అత్త వచ్చింది. బొట్టు పెట్టాం, తోడు వేశాం, బెల్లం పంచాం. మొన్నటి తొట్టి పోయిన దిగులుకి కాబోలు, అత్త మళ్లీ మొదటి ఏడాది కథ చెప్పింది. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. సముద్రం పైకొచ్చి కింది ఫ్యాక్టరీ మునిగిపోతుంటే, అక్కడి తొట్లోంచి ఆఖరి గిన్నెడు తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, ఆఖరి పడవలో మెట్ట ఎక్కింది మా అత్త వరహాలమ్మ. ఇక్కడ మొదటి తొట్టి పెడితే మండలి విత్తనం లేవలేదు. రెండు రోజులు చూసి చచ్చిందన్నారు. అప్పుడు అత్త మెట్లెక్కి ఆ గిన్నె పోసింది. తొట్టి నురగ కట్టింది. మెట్ట బతికింది.

ఆ రోజునుంచీ ప్రతి తొట్టికీ పదో గంటలో, నురగ పొంగగానే, అదే కంచు గిన్నెలో కాస్త తీసి చల్లగదిలో పెడతాం. తర్వాతి తొట్టికి అది తోడు. పాలకి తోడేసినట్టే అంటుంది అత్త. పాలు చూసినవాళ్లు మెట్ట మీద పాతిక మంది కూడా లేరు. అయినా తోడు అందరికీ తెలుసు.

సాయంత్రం ఆరింటికి నురగ బ్రహ్మాండంగా లేచింది. గిన్నెలో తీసి పెట్టాను.

62వ తొట్టి, రెండో రోజు

నిన్న సాయంత్రం రాసిందంతా కొట్టేయాలనిపిస్తోంది.

పద్నాలుగో గంటకే సూచిక లేచింది. ముప్పై ఒకటి కాదు, పద్నాలుగు! రెండుసార్లు ఉడికించిన తొట్టి. కొత్త వడపోత. సీలు తియ్యని సీసా. ఇంకేం చెయ్యాలి నేను? తొట్టి ముందు పొర్లుదండాలు పెట్టనా?

కామేశం గారు రేడియోలో "అయ్యో" అన్నారు. ఆ అయ్యోని నేను గంజిలో కలుపుకుని తాగనా?

62 పోయిన ఐదో రోజు

తూకం రోజు. మా దగ్గర మంచి తక్కెడ ఒకటే ఉంది, కోళ్లషెడ్డులో. ముందు కోడిపిల్లల్ని తూస్తారు, తర్వాత గుడ్డ మార్చి పసిపిల్లల్ని తూస్తారు. తెల్లపొడి సగానికి తగ్గించి పది రోజులైంది. మూడు వారాల కోడిపిల్లలు రెండు వారాల వాటిలా ఉన్నాయి. ఈకలు సరిగా రాలేదు. తల్లికోళ్లు గుడ్లు మానేస్తున్నాయి.

అప్పలసూరి చిన్నకూతురు సింహాద్రికి రెండేళ్లు. పోయిన నెల ఎంత తూగిందో ఈ నెలా అంతే తూగింది. వాడు ఎప్పట్లా ఏదో ఒకటి అంటాడని చూశాను. పిల్లని తక్కెడలోంచి తీసుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వాడు తిడితేనే బావుండేది.

62 పోయిన తొమ్మిదో రోజు

గొయ్యిలో వదిలేముందు ఉడికించకుండా తీసి ఉంచిన నమూనా పెట్టి కామేశం గారు పరీక్ష చేయించారు. పద్ధతులు రేడియోలో చెప్పారు, ఇక్కడ నేనే చేశాను. మంచి సూక్ష్మజీవుల్ని పళ్లెంలో పరిచి, పైన ఈ నమూనా చుక్క వేస్తే, తెల్లారేసరికి చుక్క పడ్డచోటల్లా ఖాళీ మచ్చలు.

"సూక్ష్మజీవిని తినే వైరస్ అండీ" అన్నారాయన. "మనుషుల్ని ఏమీ చెయ్యదు. మొదటిసారి ఆ చిరుగులోంచి దుమ్ముతో వచ్చి ఉంటుంది. కానీ ఆవిరికి చచ్చిపోతుంది. మీరు నిజంగా ఉడికించారా?"

నిజంగా ఉడికించారా! రేడియో తీసి కింది నీళ్లలోకి విసరకుండా ఎలా ఆగానో నాకే తెలీదు.

మధ్యాహ్నం కూర్చుని యంత్రం రాసిన పుస్తకమంతా చదివాను. 62వ తొట్టిలోకి ఏమేం వెళ్లాయి? తీపి నీళ్లు, ఉడికినవి. గాలి, వడగట్టింది. అమ్మోనియా, అందులో ఏదీ బతకదు. విత్తనం, సీసాలో మిగిలింది పళ్లెంలో వేసి చూశాను, మచ్చ లేదు. ఇతర విషయాలు: ఏమీ లేవు. మూడుసార్లు చదివాను. లోపలికి వెళ్లిన ప్రతిదీ శుభ్రం. వైరస్‌ని మోసుకెళ్లేది ఒక్కటీ లేదు.

విసుగొచ్చి ఈ నోటుపుస్తకం తీశాను, నా తిట్లు నేనే చదువుకుందామని. 'బొట్టు పెట్టాం, తోడు వేశాం, బెల్లం పంచాం.'

అక్కడ ఆగిపోయాను.

61వ తొట్టి పడిపోయింది ముప్పై ఒకటో గంటలో. దాన్లోంచి తోడు తీసింది పదో గంటలో. అప్పటికి తొట్టి బాగానే కనబడుతోంది. వైరస్ మాత్రం అప్పటికే లోపలుంది. గిన్నెలో పెట్టి, మూత పెట్టి, చల్లగదిలో జాగ్రత్తగా దాచి, రెండుసార్లు ఉడికించిన తొట్టిలో నా చేత్తో నేనే పోశాను. ఎవరి కాళ్లు కడిగించానో, ఎవర్ని గుమ్మంలో ఆపానో అన్నీ గుర్తొచ్చాయి. గిన్నెని మాత్రం ఆపలేదు. అది పని అని ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి యంత్రం పుస్తకంలో ఎక్కడా రాయలేదు. చదువుకున్నదాన్ని, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని. సిగ్గుతో చచ్చాను.

చల్లగదికి వెళ్లి 62 తోడులోంచి ఒక చుక్క పళ్లెంలో వేశాను. రేపు మచ్చ వస్తుందని తెలుసు. అయినా వేశాను.

62 పోయిన పదో రోజు

మచ్చ వచ్చింది.

అత్తకి చెప్పాలి. ఎలా చెప్పాలి? మెట్ట మీద పుట్టిన ప్రతి పిల్లకీ మొదటి బువ్వ తినిపించేది అత్తే, ఆ గిన్నె మోసిన చెయ్యి కాబట్టి. ఎనభై ఏళ్ల మనిషికి ఉన్నదల్లా అదే. చెప్పకుండా గిన్నె మరిగించి పోసేద్దామా అని కూడా అనుకున్నాను. రేపెప్పుడో నేను లేనప్పుడు ఇంకొకరు మరిగించకుండా పోస్తారు. మళ్లీ ఇదే.

ఆమె గదికి వెళ్లి, పళ్లెం ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే నా తోడు ఇసమంటావు" అంది.

"నీ తోడు కాదత్తా, ఆ రెండు తొట్లదీ."

"ఇరవై రెండేళ్లు లేనిది ఇప్పుడొచ్చిందా?"

"గుడ్డ చిరిగింది కాబట్టి ఇప్పుడొచ్చింది. ఒకసారొస్తే ఆవిరికి పోవాల్సింది. మనం గిన్నెలో పెట్టి కాపాడాం."

"అయితే రేపు తోడు లేకండా తొట్టి పెడతావా? ఉన్నది ఒక్క సీసా. అది లేవకపోతే? ఊరోళ్లకి ఏటి చెప్తావు?"

"లేవకపోతే ఎలాగూ అందరం పోతాం అత్తా. తోడేస్తే మాత్రం ఖాయంగా పోతాం. సింహాద్రి తూకం చూశావా నువ్వు?"

గొంతు లేచిపోయింది. ఆమె మీద ఎప్పుడూ అరవలేదు నేను. అత్త నా వైపు చూడలేదు. పళ్లెం నా వైపుకి తోసి, "ఎల్లు" అంది.

వచ్చేశాను. ఇంతకంటే మెత్తగా చెప్పి ఉండొచ్చు. నాకు చేతకాదు.

63వ తొట్టి, మొదటి రోజు

ఎనిమిదింటికి మెట్ట మెట్టంతా దిగింది. ఆఖరి సీసా అని అందరికీ తెలుసు. విత్తనం వదిలాను. ఇక అందరి కళ్లూ చల్లగది తలుపు మీదే.

నేను చెప్పడానికి నోరు తెరిచేలోపే అత్త వచ్చింది, చేతిలో కంచు గిన్నెతో. ఆమె మెట్లెక్కుతుంటే ఎదురెళ్లి అడ్డం నిలబడ్డాను. ఇంత మంది ముందు అత్త చేతిలోంచి గిన్నె లాక్కోవాలి కాబోలనుకున్నాను. లాక్కునేదాన్నే.

"తప్పుకోయే" అంది మెల్లిగా. "పొయ్యను."

మూడో మెట్టు మీద నిలబడి, జనం వైపు తిరిగి, మూత తీసి, గిన్నె ఎత్తి గటగటా తాగేసింది.

అత్త మొహం వికారంగా పెట్టింది. పైట చెంగుతో మూతి తుడుచుకుంది.

"ఛీ, ఉప్పు. ఇన్నేళ్లు ఇదా నేను పోసింది?" అంది. "సూడండర్రా, ఇన్నాళ్లూ తొట్టి తాగింది చాలు. గిన్నెలోది పాడైపోయింది, రెండు తొట్లు చంపింది. ఇక తోడు లేదు. ఎవరన్నా అడిగితే వరహాలు తాగేసిందని చెప్పండి."

తర్వాత మామూలుగా తొట్టికి బొట్టు పెట్టి, బెల్లం పంచమంది. అప్పలసూరి తల్లిని చూస్తూ బెల్లం తీసుకోవడం మర్చిపోయాడు.

అదే రోజు, మధ్యాహ్నం

అత్తకి కడుపులో గడబిడ. దాని వల్లో, పెద్దతనం వల్లో. పక్కన కూర్చుని ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు తాగించాను.

"ఒక మాట చెప్తాను, తిట్టకు" అంది. "మొదటి ఏడు విత్తనం సచ్చిందన్నారు కదా. అది సావలేదే. మెట్ట సలికి ముడుసుకుని ఉండిపోయింది. నేను పైకెక్కి మూత తీసేసరికే నురగ అంచుకి వచ్చేసుంది. కిందున్నోళ్లకి అవుపడలేదు. పట్టుకెళ్లాను కదా అని పోసేశాను. కిందకి దిగేసరికి అందరూ కాళ్ల మీద పడ్డారు."

చెంబు కింద పెట్టాను.

"మీ మామ నీళ్లల్లో పోయి అప్పటికి మూడు నెలలు. ఎవరు అవుపడినా అయ్యో పాపం అనేవోరు. ఆ రోజు ఎవరూ పాపం అనలేదు. ఆ మాట కాదని ఎలా చెప్పనే?"

తిట్టొద్దంది కానీ తిట్టాను. ఇరవై రెండేళ్లు! ఇంత కథ కట్టి, అరవై రెండు తొట్లకి పూజ చేయించి! ఈ మాట ముందే చెప్పి ఉంటే ఒక తొట్టి మిగిలేది, పిల్లల ఒంటిమీద ఇంత కండ మిగిలేది. అన్నీ విని, "ఇంకా ఉన్నాయా?" అంది. లేవు. అయిపోయాయి. చెంబులో మిగిలిన నీళ్లు కూడా తాగించాను. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది, తీసుకోలేదు.

63వ తొట్టి, రెండో రోజు

నిన్న పద్నాలుగో గంట దాటింది. సూచిక అడుగునే ఉంది.

ఈవేళ మూడింటికి ముప్పై ఒకటో గంట. అప్పలసూరి గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు, కాళ్లు కడుక్కోలేదట. మూడు దాటింది. నాలుగు దాటింది. ద్రవం చిక్కగానే ఉంది. సూచిక కదలలేదు.

"పీలుస్తున్నారా వదినా?" అని అరిచాడు బయట్నుంచి.

"పీలుస్తున్నారు" అన్నాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

63వ తొట్టి, ఆరో రోజు

దించాం. వడగట్టాం, ఆరబెట్టాం. మొదటి బస్తా కోళ్లషెడ్డుకి, రెండోది పిల్లల గంజికి. తూకం వచ్చే వారం.

కామేశం గారికి నివేదిక పంపాలి. యంత్రం 'ఇతర విషయాలు' దగ్గర ఎప్పట్లాగే తనే 'ఏమీ లేవు' అని వేసేసింది. అది చెరిపేసి ఇలా రాశాను: '61వ తొట్టి తోడు 62లో పోశాం. అందువల్లే పోయింది. పోసిన చెయ్యి నాది. 63కి తోడు వేయలేదు.'

పక్కన కూర్చున్న అత్త చదివించుకుని, "నా పేరు లేదేం?" అంది.

"అవసరం లేదులే అత్తా."

"రాయి. వరహాలమ్మ తాగేసిందని రాయి."

రాశాను. అరగంటకి రేడియో మోగింది. నా ఉద్యోగం గురించే అనుకుని గొంతు సవరించుకున్నాను.

"నివేదిక అందిందండీ. అంతా బానే ఉంది. కానీ తోడు అంటే ఏమిటండీ?"

ఓడ మీద పుట్టిన మనిషికి ఏం చెప్పను? పాలు అన్నాను. పాలంటే తెలుసన్నారు, పొడి కదా అన్నారు. తల బాదుకున్నాను. అత్త నా చేతిలోంచి రేడియో లాక్కుంది.

"ఇను నాయనా" అంది. "ఎనకటికి గేదె అని ఒకటి ఉండేది."

వాళ్లిద్దర్నీ అలా వదిలేసి నేను తొట్టి కడగడానికి వెళ్లాను. కంచు గిన్నె కూడా ఆవిరిలో పెట్టాను. మూడుసార్లు ఉడికించాక దాన్ని తీసుకెళ్లి అప్పలసూరికిచ్చాను, కోడిపిల్లలకి నీళ్లు పెట్టుకోడానికి.